ఒళ్ళు చూసి చెప్పిన వయసు

మా హైస్కూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఎలా పుట్టిందో చెబితే ఎవరూ గొప్పగా అనుకోరు. తొంభైల చివర్లో, తణుకు దగ్గర మా ఊరి బడికి ఒక కొత్త డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వచ్చారు. అప్పటిదాకా ఆడపిల్లలంటే కబడ్డీ, ఖోఖో, టెన్నికాయిట్. ఆ ఆటల్లో జిల్లా నిండా జట్లే. ఫుట్‌బాల్‌లో మాత్రం ఆడపిల్లల జట్లు రెండో మూడో ఉండేవి. పోటీ లేని చోట దిగితే పిల్లలు సులువుగా రాష్ట్రస్థాయికి వెళ్తారని, బడికీ తనకీ పేరొస్తుందని ఆయన ఆలోచన. ఆ సంగతి దాపరికం లేకుండా మాకే చెప్పారు. మాకు అందులో తప్పేమీ తోచలేదు. బంతిని కాలితో తన్నమని మాతో ఒక పెద్దమనిషి అన్నారు, అంతే చాలనిపించింది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా నాన్న అదే బళ్ళో లెక్కల మాస్టారు. చిన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చి, అవి తగ్గీ తగ్గకముందే టైఫాయిడ్ పట్టుకుని, ఏడేళ్ళు నిండాక గాని బళ్ళో వెయ్యలేదు. వేసేటప్పుడు రిజిస్టర్లో మా నాన్న అయిదేళ్ళని రాయించాడు. ఆ రోజుల్లో దాన్నెవరూ నేరమనుకునేవారు కాదు. ముందుముందు ఉద్యోగానికి పనికొస్తుందని చాలా ఇళ్ళల్లో ఒకటో రెండో ఏళ్ళు తగ్గించి రాయించేవారు. అలా నాకు కాగితం మీద పదమూడు, నిజానికి పదిహేను. చూసినవాళ్ళు మాత్రం పదకొండు అనుకునేవారు. చేతులు చీపురుపుల్లల్లా ఉండేవి. మా అమ్మ గౌన్లు కుట్టించడం మానలేదు, మానాల్సిన అవసరం రాలేదు.

నా పక్కన కూర్చునేది ఊరి చివర పేటలో ఉండే పిల్ల. వాళ్ళ నాన్న మా పొలాల్లో కూలికి వచ్చేవాడు. ఆదివారం లూథరన్ చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆ పిల్లకి నిజంగానే పదమూడు. కాని పదకొండో ఏట పెద్దమనిషి అయింది. పన్నెండు నిండేసరికి వాళ్ళమ్మ ఎత్తు దాటింది. మేమిద్దరం కలిసి నడిస్తే కొత్తవాళ్ళు ఆమెని మా బడి టీచరనీ, నన్ను ఆమె వెంట వచ్చిన చిన్నపిల్లననీ అనుకునేవారు. మొదట్లో నవ్వుకునేవాళ్ళం.

ఆట మాత్రం ఆమెది. మాస్టారు మొదటిరోజు పదిహేనుమందిని నిలబెట్టి బంతి వదిలినప్పుడు మేమందరం కోడిపిల్లల్లా దాని వెనక పడ్డాం. ఆమె ఒక్కతే ఆగి, బంతి ఎటు వస్తుందో చూసి, అక్కడికి వెళ్ళి నిలబడింది. బంతి ఆమె దగ్గరికే వచ్చింది. మాస్టారు ఈల నోట్లోంచి తీసి, ఆ అమ్మాయెవరని అడిగారు. అప్పట్నుంచీ మైదానం మధ్యలో ఆమె, కుడివైపు అంచున నేను. ఎడమకాలితో ఆమె తోస్తే బంతి సరిగ్గా నా అడుగు పడే చోటుకి వచ్చేది. నా గోల్స్ అన్నీ ఆమె పెట్టించినవే. ఎవరూ నన్ను ఆపలేకపోయేవారు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ ఖాళీ చోటుకే పంపేది. నేను వేగంగా పరిగెత్తుతానని జనం అనుకునేవారు.

తర్వాత కొన్ని నెలల్లో ఆమె ఆట పాడైంది. ఇప్పుడు నేనూ పిల్లలకి ఆటలు నేర్పే టీచర్నే కాబట్టి ఎందుకు పాడైందో నాకు తెలుసు. నడుము వెడల్పవుతుంది, కాళ్ళు కింద పడే తీరు మారుతుంది, బరువు కొత్త చోట్లకి చేరుతుంది, అప్పటిదాకా తనదిగా ఉన్న శరీరాన్ని మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. ఏడాదో ఏడాదిన్నరో ఓపిక పడితే ఆట తిరిగొస్తుంది. ఆ ముక్క చెప్పే మనిషి ఆమెకి ఒక్కరు కూడా లేరు. మాస్టారు మగవారు, ఆయనకి నోరు రాదు. "ఒళ్ళు బరువెక్కింది, పరుగు తగ్గింది" అని ఆమె చేత మాత్రం రెండు చుట్లు ఎక్కువ పరిగెత్తించేవారు. మా లేడీ టీచర్లకి నోరు వచ్చుగాని, ఈడొచ్చిన పిల్లకి ఈ గెంతులేమిటని తప్ప ఇంకేమీ అనేవారు కాదు. వాళ్ళమ్మ పాత నేతచీర చింపి ఛాతీకి బిగించి కట్టేది. ఆ కట్టుతో అరగంట ఆడితే ఊపిరి అందేది కాదు. బయట ఉన్న రోజుల్లో గుడ్డ జారుతుందన్న భయంతో కాళ్ళు దగ్గరగా పెట్టుకుని పరిగెత్తేది. ఒక నిమిషం చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకునేది, మరో నిమిషం మాస్టారు అరిస్తే దించేది. గట్టు మీద సైకిళ్ళు ఆపుకుని చూసేవాళ్ళు ఏమనేవారో నాకు వినపడేది. వినపడనట్టు నటించడం ఆమె నాకంటే బాగా నేర్చుకుంది.

అయినా మానలేదు. ఎవరూ చెప్పకపోయినా తనకి తనే ఒక దారి వెతుక్కుంది. పరుగు తగ్గింది కాబట్టి పరుగు అక్కర్లేకుండా ఆడటం మొదలుపెట్టింది. బంతికీ ఎదుటి పిల్లకీ మధ్య భుజం పెట్టి నిలబడితే ఆమెని ఎవరూ కదపలేకపోయేవారు. మొగపిల్లల జట్టుతో ఆడించినప్పుడు కూడా ఆమె దగ్గర్నుంచి బంతి లాక్కోవడం వాళ్ళ వల్ల కాలేదు. మాస్టారు అప్పుడు చాలా సంతోషించారు. ఈ పిల్ల ఒక్కతి చాలు, మనం రాష్ట్రానికి వెళ్తున్నాం అన్నారు.

ఆ కాలంలోనే మా అమ్మకి నా మీద బెంగ పట్టుకుంది. నా ఈడు వాళ్ళందరికీ ఓణీల ఫంక్షన్లు అయిపోయాయి, నాకింకా ఆ జాడే లేదు. రోజూ పొద్దున్నే నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ముద్ద చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. తణుకులో లేడీ డాక్టర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళింది. పల్చగా ఉంది, జబ్బులు చేసిన పిల్ల, ఆలస్యమవుతుంది, కంగారు పడకండి అన్నారావిడ. అమ్మ ఇంటికొచ్చి, పేటలోంచి పిండి దంచడానికి వచ్చే ఆ పిల్ల తల్లితో మనసులో మాటంతా చెప్పుకుంది. పదిహేనేళ్ళొచ్చినా దీనికింకా ఏమీ లేదే అంది. ఇద్దరు తల్లులూ కూర్చుని, ఒకత్తి ఆలస్యానికీ ఇంకొకత్తి తొందరకీ బాధపడ్డారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను.

జిల్లా ఎంపికలు నిడదవోలులో పెట్టారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి. లేడీ టీచర్లెవరూ రామన్నారు కాబట్టి మాస్టారితో పాటు మా నాన్న తోడు వచ్చాడు. ఆ పిల్ల నాన్న ఆ రోజు పని మానుకుని, వేరే బస్సులో వెనకే వచ్చాడు. చేతిలో బైబిలు, అందులో మడిచిపెట్టిన బాప్తిస్మం చీటీ. పిల్ల పొడుగ్గా ఉంది, వయసు అడుగుతారేమోనని మాస్టారే ముందు చెప్పి తెప్పించారు. పుట్టిన నెలకే చర్చిలో బాప్తిస్మం ఇప్పించారు, ఆ రిజిస్టర్ చూసి పాస్టరు గారు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మా జట్టు మొత్తంలో పుట్టినరోజుకి అంత గట్టి ఆధారం ఉన్న పిల్ల ఆమె ఒక్కతే.

పొద్దున రెండు ఆటలు ఆడించారు. రెండింట్లోనూ మైదానంలో ఆమె తప్ప ఎవరూ కనపడలేదు. నా చేత మూడు గోల్స్ పెట్టించింది. మధ్యాహ్నం షామియానా కింద బల్ల వేసి ముగ్గురు కూర్చున్నారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ పిలిచారు. ఆమె వంతు రాగానే మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి కిందనుంచి పైదాకా చూశాడు. ఎన్నోక్లాసని అడిగాడు. ఎనిమిదండి అంది. ఎన్నిసార్లు తప్పావన్నాడు. తప్పలేదండి అంది.

"ఏంటండీ మాస్టారూ," అన్నాడాయన మా డ్రిల్లు మాస్టారితో. "పెళ్ళీడుకొచ్చిన పిల్లని తీసుకొచ్చి పదమూడేళ్ళంటే ఎలాగండీ? రేపు పైవాళ్ళు మమ్మల్ని అడగరా?"

మాస్టారు బడి రిజిస్టర్ నకలు చూపించారు. ఆయన దాన్ని పక్కన పెట్టాడు. అప్పుడు హద్దుగా కట్టిన తాడు అవతల నిలబడ్డ ఆమె నాన్న లోపలికి వచ్చి, బైబిల్లోంచి చీటీ తీసి రెండు చేతులతో అందించాడు. పెద్దాయన విప్పకుండానే, ఇలాంటివి ఎన్నయినా రాయించుకోవచ్చన్నాడు. పక్కనున్న ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. ఆమె నేల చూస్తూ, భుజాలు ముందుకి వంచి, చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని నిలబడింది. మైదానంలో మానుకున్న ఆ అలవాటు ఆ బల్ల ముందు మళ్ళీ వచ్చింది.

ఆమె నాన్న చుట్టూ చూశాడు. మా నాన్న కనపడ్డాడు.

"మాస్టారండీ, మీరొక్క మాట చెప్పండి. గాలివానకి మీ ఇంటి పెంకులు ఎగిరిపోతే నేనే కదండీ వచ్చి సర్దింది. ఆ మర్నాడే కదండీ ఇది పుట్టింది. అమ్మగారు పాత చీరలు కూడా ఇచ్చారండి. మీకు తెలవంది కాదు కదండీ."

మా నాన్నకి తెలుసు. గాలివాన ఏ ఏడాది వచ్చిందో ఆ బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. మా నాన్న నోరు విప్పి అవునంటే సరిపోయేది. కాని అవునంటే, వయసుల గురించి ఆయన మాటకి విలువ వస్తుంది. విలువొచ్చాక పక్కనే నిలబడ్డ సొంత కూతురి వయసు గురించి ఎవరైనా అడగవచ్చు. ఇదంతా ఆయన మొహంలో ఒక్క క్షణంలో నడిచింది. నేను చూశాను.

"రికార్డుల సంగతి వాళ్ళు చూసుకుంటారయ్యా," అన్నాడు మా నాన్న. "మధ్యలో మనం మాట్లాడకూడదు."

ఆమె పేరు కొట్టేశారు. తర్వాత నన్ను పిలిచారు. పెద్దాయన నా తలమీద చెయ్యి వేసి, పక్కవాళ్ళకి చూపిస్తూ, "ఇదిగోనండీ, అండర్ ఫోర్టీన్ అంటే ఇలా ఉండాలి" అన్నాడు. నా కాగితం తెరవనైనా తెరవలేదు.

సాయంత్రం బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. వాళ్ళ నాన్న వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మా నాన్న, డ్రిల్లు మాస్టారు ముందు సీట్లో ఉన్నారు. కాలవ వంతెన దాటాక నా వైపు తిరక్కుండా అంది.

"నీకు పదిహేను కదే."

నేను ఆ మాటకి ఎన్ని జవాబులైనా చెప్పి ఉండవచ్చు. ఇన్నేళ్ళుగా వాటిని తయారుచేసుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నా నోట్లోంచి వచ్చింది ఇది:

"మెల్లిగా. మాస్టారు వింటారు."

ఆమె లేచి వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన నిలబడింది. మా ఊరు వచ్చేదాకా నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఇద్దరూ కూర్చోలేదు.

రాష్ట్ర పోటీలు రాయలసీమలో జరిగాయి. అక్కడ వయసుల మీద గొడవ పెద్దదయింది. ప్రతి జిల్లా ఇంకో జిల్లా పిల్లల మీద వేలెత్తి చూపించింది. చివరికి కొందరిని ఆస్పత్రికి తీసుకెళ్ళి మణికట్టుకి ఎక్స్‌రే తీయించారు. ఎవరి పుణ్యమో ఆ జాబితాలో నా పేరూ పడింది. పట్టుబడతానని రాత్రంతా నిద్రపోలేదు. నిజం చెప్పాలంటే, పట్టుబడితే బాగుండునని కూడా అనిపించింది. కుర్ర డాక్టర్ ఫిలింని వెలుగుకి పెట్టి చూసి, ఎముకల మధ్య సందులింకా బాగా తెరిచే ఉన్నాయి, పన్నెండు పదమూడుకి మించి ఉండదన్నాడు. పెద్దమనిషివి అయ్యావా అని నర్సు చేత అడిగించాడు. కాలేదన్నాను. అదొక్కటే నేను చెప్పిన నిజం.

బయటికి వస్తుంటే ధైర్యం చేసి, ఇది ఎప్పుడూ కరెక్టుగా చెబుతుందా అని అడిగాను. ఆయన ఓపికగానే చెప్పాడు. ఇది ఎముక ఎంత ఎదిగిందో చెబుతుందమ్మా, ఎప్పుడు పుట్టావో చెప్పదు. తొందరగా ఎదిగే పిల్లలకి ఎక్కువ చూపిస్తుంది, ఆలస్యంగా ఎదిగేవాళ్ళకి తక్కువ చూపిస్తుంది. అంటే ఆమెని ఆ మెషిన్ ముందు పెట్టినా పదహారు అని ఉండేది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. ఎలాగూ ఆమె ఆగిపోయి ఉండేదే, నా వల్ల పోయిందేమీ లేదు అనుకున్నాను. ఆ ఊరట తలచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గు.

మేము మొదటి ఆటలోనే ఓడిపోయాం. బంతి నా అడుగు పడే చోటుకి ఎవరూ పంపలేదు. నేను అంచున పరిగెత్తుతూనే ఉన్నాను, నాకు ఆట రాదని ఇరవై నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. అయినా రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ ఇచ్చారు.

వచ్చేసరికి ఆమె ఆట మానేసింది. బలవంతంగా మాన్పించారని చెప్పుకోవడానికి కూడా లేదు. మాస్టారు రెండుసార్లు కబురు పెట్టారు, వాళ్ళ నాన్న కూడా వెళ్ళమన్నాడట. తనే రానంది. క్లాసులో బెంచీ మార్చుకుంది. నడిచేటప్పుడు భుజాలు ముందుకి వంచుకుని నడవడం మొదలుపెట్టింది, అది పోలేదు. పదో తరగతి సగంలో బడి మానేసింది. వాళ్ళ నాన్న ఆ తర్వాత మా పొలాల్లోకి పనికి రాలేదు. మా ఇంటి కప్పు కారితే మా నాన్న పక్క ఊరినుంచి మనుషుల్ని పిలిపించుకున్నాడు. ఎందుకని అమ్మ అడిగితే, వాడికి తీరుబడి లేదన్నాడు. నిడదవోలు గురించి మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు. ఆయన పోయేదాకా రాలేదు.

నాకు పదహారున్నర దాటాక వచ్చింది ఈడు. వచ్చాక ఒక్క ఏడాదిలో జానెడు ఎదిగాను. మోకాలి చిప్పల కింద ఎముక ఉబ్బి, మెట్లు దిగితే ప్రాణం పోయేది. నిన్నటిదాకా నా మాట విన్న కాళ్ళు రెండంగుళాలు ముందో వెనకో పడేవి. మాస్టారు "ఒళ్ళు బరువెక్కింది" అని ఈసారి నన్ను అన్నారు. ఆ నొప్పికి విశ్రాంతి కావాలని తెలియక నా చేత కూడా రెండు చుట్లు ఎక్కువ పరిగెత్తించారు. ఎడమ మోకాలు అప్పుడు పోయింది. అప్పటికి ఆరో తరగతిలోంచి సన్నటి పిల్లల్ని ఏరి కొత్త జట్టు కట్టుకున్నారాయన. మరుసటి ఏడాది బదిలీ అయి వెళ్ళిపోయారు.

ఆటలో నాకు మిగిలింది ఆ సర్టిఫికెట్. దాని మీదే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వచ్చింది, రాజమండ్రిలో ఒక ప్రైవేటు బళ్ళో ఉద్యోగం వచ్చింది. అలాంటి బల్లల వెనక నేనూ కూర్చున్నాను. నేను మారి ఉంటానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పిల్ల వచ్చి నిలబడగానే నా కళ్ళు ముందు కాగితం మీదికి వెళ్ళవు. ఒంటి మీదికే వెళ్తాయి. తర్వాత సిగ్గుపడి కాగితం చూస్తాను. పక్కవాళ్ళు ఒక పిల్ల పేరు కొట్టేస్తుంటే రెండుసార్లు అడ్డం చెప్పాను. చెప్పని సార్లు అంతకంటే ఎక్కువ.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో మా బడి పిల్లల్ని ఆటకి తీసుకెళ్ళి వస్తూ నరసాపురం బస్టాండులో ఆమెని చూశాను. ఆమెని మొగల్తూరు వైపు ఇచ్చి పెళ్ళి చేశారట. రొయ్యల షెడ్డులో పని చేస్తోంది. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి. పక్కన నాలుగేళ్ళ పిల్ల. నేను గుర్తుపట్టలేదని అనుకుందేమో, తనే దగ్గరికొచ్చి పలకరించింది. అప్పుడు అంత తేడా ఉన్న మా ఇద్దరి ఎత్తూ ఇప్పుడు ఒకటే. ఆమె పన్నెండేళ్ళకే పూర్తిగా ఎదిగి ఆగిపోయింది. ఇంకా ఆడుతున్నావా అని అడిగింది. మోకాలు పోయిందని చెప్పాను.

"నాకేం పోలేదు," అంది. "రోజంతా నిలబడే పని. ఇప్పటికీ ఎంత దూరమైనా పరిగెత్తగలను."

గొప్పగా చెప్పలేదు, దెప్పినట్టూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. నేను పదేళ్ళుగా నములుతున్న మాట బయటికి తెచ్చాను. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే అని మొదలుపెట్టాను. ఆమె పూర్తి చెయ్యనివ్వలేదు.

"చెప్తే ఏమయ్యేది? ఇద్దరం ఇంటికొచ్చేసేవాళ్ళం. నన్నయితే ఎలాగూ తీసుకునేవాళ్ళు కాదు." పిల్ల మొహం కొంగుతో తుడుస్తూ అంది, "కాని మా నాన్న ఒక్కడే నిలబడ్డాడు అక్కడ. అది చూసావు కదా నువ్వు."

చూశానన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత మామూలు మాటలే మాట్లాడుకున్నాం. వాళ్ళ నాన్న బాగానే ఉన్నాడట, చెవులు సరిగ్గా వినపడటం లేదట. బస్సు రాగానే పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి అనవలసి వచ్చేది, ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టయ్యేదని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. అడగడానికి నాకు నోరు రాలేదు.